అద్మాసు కూతుళ్ళు

వుబిత్ మా ఊరికి వచ్చి నెల కూడా కాలేదు, అప్పుడే చర్చిలో అందరికీ ఆమె పేరు తెలుసు. నేను వచ్చిన రెండో ఏడు కూడా ఫాదర్ గారు నన్ను "దెబస్ భార్య" అనే అనేవారు.

వుబిత్ అంటే మా భాష అమ్హారిక్‌లో అందగత్తె అని అర్థం. పేరు పెట్టినవాళ్ళు తొందరపడ్డారని అనడానికి వీల్లేకుండా ఉంటుంది మనిషి. పొడుగాటి మెడ, నవ్వితే చిగుళ్ళు కనబడతాయి, అయినా బాగుంటుంది. నాకు చిగుళ్ళు కనబడితే మా అమ్మ నోరు మూసుకోమనేది.

మాది మాంసం ప్లాంటు ఉన్న ఊరు. పరాయి దేశాల నించి ఇక్కడికి వచ్చినవాళ్ళందరం ముందు ప్లాంటులోకే వెళ్తాం. నేను కటింగ్ లైనులో ఉంటాను. చలి గదిలో ఇనుప జాలీ గ్లౌజు వేసుకుని, కత్తి పట్టుకుని, షిఫ్టు అయ్యేదాకా నిలబడాలి. వుబిత్‌ని మాత్రం మొదటి రోజే పెట్టెలకి చీటీలు అంటించే గదిలో వేశారు. అక్కడ వెచ్చగా ఉంటుంది. కుర్చీ కూడా ఉంటుంది. ఎందుకని అడిగితే సూపర్‌వైజరు, "ఆ అమ్మాయికి ఇంగ్లీషు రాదు కదా, కత్తి ఇస్తే ప్రమాదం" అన్నాడు. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి కత్తి ఇచ్చారన్నమాట.

"పాపం, ఒక్కతే ఉంటుంది" అని మా ఆయన దెబస్ ఆమె బియ్యం మూట కారులో వేసి దింపి వచ్చేవాడు. "పాపం, చలికోటు లేదు" అని, మేమంతా ఎమామా, అంటే అమ్మమ్మా, అని పిలిచే ముసలి త్సిగె తన కోటు ఇచ్చేసింది. పాపం అన్న మాట నా గురించి ఈ ఊళ్ళో ఎవరూ అనగా నేను వినలేదు.

నా మెడకి ముందువైపు ఒక వాపు ఉంది. వచ్చినప్పుడు ఉసిరికాయంత ఉండేది. మా అమ్మకీ ఉండేది. మా కొండల్లో చాలామంది ఆడవాళ్ళకి ఉంటుంది. పచ్చబొట్టు పొడిపించుకుంటే తగ్గుతుందని మెడ చుట్టూ నీలం గీతలు పొడిపించుకుంటారు. నేను స్కార్ఫు కట్టుకుంటాను. ఈ మధ్య అట్టులాంటి మా ఇంజెరా ముద్ద మింగితే దిగడం లేదు, ప్రతి ముద్దకీ నీళ్ళు తాగాలి. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఎవరో గొంతు మీద వేలు పెట్టినట్టుంటుంది.

ఆరోగ్య కార్డు నాకు వచ్చిన కొత్తలోనే ఇచ్చారు. కార్డు అందరికీ ఇస్తారు. డాక్టరే దొరకరు. ముందుగా చెప్పకుండా వెళ్ళి కూర్చుంటే చూసే క్లినిక్ ఒకటుంది. అక్కడ వెళ్ళిన ప్రతిసారీ కొత్త డాక్టరు. ప్రతి డాక్టరూ మెడ తడిమి, "ఇది ఒకరే వరసగా చూడాల్సిన జబ్బు. మీ ఫ్యామిలీ డాక్టరుకి చూపించండి" అంటారు. నాకు లేరంటే, లిస్టులో పేరు రాయించుకోమంటారు. రాయించాను. ఒకాయన రక్తం తీయించాడు. ఆ రిపోర్టు వచ్చేసరికి ఆయన వేరే ఊరు వెళ్ళిపోయాడు.

వుబిత్‌కి కార్డు పెట్టించడానికి నన్నే తోడు వెళ్ళమన్నారు ఫాదర్ గారు. వెళ్ళాను. కార్డులిచ్చే రిజిస్ట్రీ ఆఫీసులో ఫారం నింపేటప్పుడు, "మీ నాన్నగారి పేరేమిటి?" అని అడిగాను.

"అద్మాసు" అంది.

నా పేరు ఎనాను అద్మాసు. మాలో ఆడవాళ్ళు మొగుడి పేరు పెట్టుకోరు, తన పేరు, పక్కన తండ్రి పేరు. ఇక్కడివాళ్ళు ఆ చివరి పేరు ఇంటిల్లిపాదిదీ అనుకుంటారు. నా పేరు దెబస్ పేరుతో కలవదు కాబట్టి ప్రతి కౌంటరు దగ్గరా పెళ్ళి కాగితం చూపించాలి. ఎక్కడో గొందర్‌లో పుట్టిన ఈ పిల్ల పేరు మాత్రం ఎవరూ అడగకుండానే వచ్చి నా పేరుతో కలిసింది.

"మీ నాన్న పేరూ అదేనా ఎహ్తే!" అని నా చెయ్యి పట్టుకుని ఊపేసింది వుబిత్. ఎహ్తే అంటే నా తోబుట్టువా అని. ఆమె అందరినీ అలాగే పిలుస్తుంది. ప్లాంటులో కాలు తొక్కినవాళ్ళని కూడా.

"అద్మాసు అనేవాడు ఊరికొకడు ఉంటాడు" అన్నాను.

*

కార్డు పోస్టులో వచ్చింది. ఆ శనివారం ఎమామా త్సిగె ఇంట్లో కాఫీకి కూర్చున్నాం. కింద వాటాలో వుబిత్ అద్దెకుంటుంది కాబట్టి, గింజలు వేయించడం ఆమె చేతిలోనే పెట్టింది ముసలావిడ. మామూలుగా అది నా పని. మా ఆచారం ప్రకారం వేయించిన గింజల పెనం అందరి ముఖాల దగ్గరికీ తీసుకొచ్చి పొగ వాసన చూపించింది వుబిత్. మొదటి వాయి తాగి దెబస్, "అబ్బ, ఇలాంటి కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో" అన్నాడు. ఆ పొద్దున మా ఇంట్లో తాగిన కాఫీ నేనే పెట్టాను.

రెండో వాయికి వుబిత్ తన దుస్తుల్లోంచి కార్డు తీసింది. అటూ ఇటూ తిప్పింది. వెలుగుకి పట్టి చూసింది.

"ఇదేనా? ముద్ర ఏదీ?"

"ఏం ముద్ర?" అన్నాడు దెబస్.

"ముద్ర లేకపోతే ఇది ఉత్త కాగితమే కదా. గుండ్రటి ముద్ర ఉండాలి కదా."

"నిజమే" అంది ఎమామా త్సిగె గంభీరంగా. ఆవిడ పదేళ్ళుగా ఇక్కడే ఉన్నా ప్రతి పనీ కొడుకే చూస్తాడు. "మా వాడలో ఆఫీసరు ఊదారంగు ముద్ర కొట్టేవాడు, బల్ల అదిరేది. అది పడితేనే మనిషి పేరు మనిషికి ఉన్నట్టు. నా కార్డుకి కూడా లేదే తల్లీ! ఇన్నాళ్ళూ ఎవడూ చెప్పలేదు."

వుబిత్ నా వైపు తిరిగింది. "ఎహ్తే, నీకన్నీ తెలుసుగా. ఎక్కడ కొడతారు ముద్ర?"

ఈ దేశంలో కార్డుకి ముద్ర ఉండదని చెప్పడానికి ఒక్క మాట చాలు. దెబస్ మూడో వాయికి కప్పు ముందుకు జరుపుతున్నాడు, ఆమెకేసి.

"క్లినిక్‌లో కొడతారు" అన్నాను. "రెండో వీధిలో పెద్ద క్లినిక్ ఉంది చూడు, అక్కడ. పొద్దున్నే వెళ్ళు. ఇంగ్లీషు రాకపోతే సైగ చెయ్యి."

దెబస్ నా వైపు చూశాడు. సంగతి తెలిసిన ఆడవాళ్ళు ఇద్దరు కప్పుల్లోకి తల వంచుకున్నారు. కాఫీ దగ్గర ఒక సరదా దొరికితే ఎవరు చెడగొడతారు?

ఆదివారమంతా ఊహించుకున్నాను. కౌంటరు ముందు నిలబడి ఆమె ముద్ర ముద్ర అని సైగలు చేస్తుంది. అక్కడివాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. కాస్త సేపయ్యాక బయటికి పంపిస్తారు. ఒక్క వారం ఊరంతా ఆమెని చూసి నవ్వుకుంటే చాలనిపించింది నాకు. ఎక్కువ కోరలేదు.

*

సోమవారం సాయంత్రం మా తలుపు తట్టింది. చేతిలో గుడ్డ చుట్టిన పెద్ద దాబో రొట్టె. ఇంకా వేడిగా ఉంది. వాసన ముందు లోపలికి వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది.

"ఎహ్తే! నీ నోట దేవుడే పలికించాడు!"

"ముద్ర కొట్టారా?" అన్నాడు దెబస్, నవ్వు ఆపుకుంటూ.

"లేదన్నా, అదే చిత్రం. వెళ్ళాను. అక్కడ లిగాయా అని ఒక ఫిలిప్పీన్ అమ్మాయి ఉంది. కార్డు చూపించి, ఇలా చేశాను." గుప్పెడు మూసి, రెండో అరచేతి మీద దబదబా కొట్టింది. "ముద్ర కొట్టమని. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. గట్టిగా కొట్టాను. అప్పుడు అది కంగారుపడి, ఇక్కడ చెయ్యి పెట్టుకుని ఏదో అడిగింది." వుబిత్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "నేను ‘యెస్ యెస్’ అన్నాను."

"గుండె దడ అనుకుంది!" దెబస్ సోఫాలో ఒరిగిపోయాడు.

"పరిగెత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. చేతికి పట్టీ కట్టారు. నీళ్ళిచ్చారు. లోపలినించి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ ఆ రోజే కొత్తగా వచ్చిందట, ఇంకా పేషెంట్లెవరూ లేరు ఆవిడ దగ్గర. గుండె విన్నది. నాలుక చూసింది. కంప్యూటర్లో మన భాష మాట్లాడే మనిషిని పిలిచి నాతో మాట్లాడించింది. నేను ముద్ర కోసం వచ్చానమ్మా అంటే ఆవిడ ఎంత నవ్విందో! నవ్వి నవ్వి, ఇకనించి నీ డాక్టర్ని నేనే, ఏం వచ్చినా నా దగ్గరికే రా అంది. కానీ ముద్ర కొట్టలేదు. రేపు మళ్ళీ వెళ్ళనా?"

దెబస్ నవ్వు ఆగిపోయింది. "నీకు ఫ్యామిలీ డాక్టరు దొరికిందా?"

"అది ముద్ర కంటే పెద్దదా అన్నా?"

"ముద్రకి ముత్తాత! ఈ ఊళ్ళో ఆ ఒక్కదాని కోసం జనం ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నారు." అతను నా వైపు తిరిగాడు. "కొత్త డాక్టరు వస్తోందని నీకు తెలుసా? తెలిసి ఈ పిల్లని పంపించి, నువ్వెందుకు వెళ్ళలేదే?"

నేను రొట్టె కోస్తున్నాను. రోజూ ఎన్ని కోస్తానో, ఆ రొట్టె మాత్రం వంకరగా తెగింది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. తేనె వేసి చేసింది. బాగుంది. గొంతులో అడ్డం పడింది.

మర్నాడు షిఫ్టుకి ముందే క్లినిక్‌కి వెళ్ళాను. లిగాయా అనే ఆ అమ్మాయి చాలా మర్యాదగానే చెప్పింది. "కొత్త డాక్టరు లిస్టు నిన్న సాయంత్రానికే నిండిపోయిందండీ. ఫేస్‌బుక్‌లో ఎవరో పెట్టారు, పొలాల నించి కూడా వచ్చేశారు. ఇంక మా దగ్గర ఉన్నవాళ్ళ కుటుంబంలోవాళ్ళని మాత్రమే తీసుకుంటున్నాం. మీ వాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరు" అన్నాను.

*

నవ్వులపాలవుతుందనుకున్న మనిషి ఊరికి ముద్దుబిడ్డ అయింది. ఆ దడ కథ ప్లాంటు లంచ్ గదిలో అన్ని బల్లల దగ్గరా చెప్పించుకున్నారు. సోమాలీలు, ఫిలిప్పీన్‌వాళ్ళు, మెక్సికోవాళ్ళు, ఎవరి భాషలో వాళ్ళు చెప్పుకుని అరచేతుల మీద గుద్దుకుని నవ్వారు. ప్రతిసారీ ఆమె చివర్లో ఒక మాట కలిపేది. "అంతా ఎనాను వల్లే. నాకు డాక్టర్ని ఇప్పించింది ఎనాను."

దాంతో జనం నా వెంట పడ్డారు. చర్చి మెట్ల మీద ఒకావిడ నా చెవిలో, "మా ఆయనకి మోకాళ్ళు ఎనానూ, ఒక మాట వెయ్యమ్మా" అంది. "నాకే లేదండీ" అంటే నమ్మలేదు. "పోనీలే, చెప్పడం ఇష్టం లేకపోతే" అని మొహం తిప్పుకుంది. ఫాదర్ గారు మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచారు, అదీ వుబిత్‌ని దీవిస్తూ. "ఎనాను లాంటి మనసు మనందరికీ ఉండాలి" అన్నారు. దెబస్ గర్వంగా నా వైపు చూశాడు. ముద్ర సంగతి నేను నిజంగానే మేలు కోరి చెప్పానని అతను కూడా నమ్మేశాడు. లేక, నమ్మడమే సుఖమనుకున్నాడేమో.

కారులో అన్నాడు. "ఆ డాక్టరమ్మ బాగా చూస్తోందట. వుబిత్‌కి పళ్ళు కూడా చూపించుకోమని చెప్పిందట."

"ఆ పళ్ళకేమైంది? ఊరంతా చూస్తూనే ఉందిగా" అన్నాను.

రోగం లేని మనిషికి డాక్టరు. నా కడుపులో మంట అదీ. ఆమె ఆ క్లినిక్‌కి చుట్టం ఇంటికి వెళ్ళినట్టు వెళ్ళేది. ఒకసారి జలుబుకి వెళ్ళింది. ఒకసారి ఏమీ లేకుండానే, దాబో ఇవ్వడానికి వెళ్ళింది. ఆ వారంలోనే నేను నీళ్ళతో కూడా మింగలేక, ఇంజెరాని శిరో పులుసులో నానబెట్టి పసిపిల్లలా తిన్నాను. గొంతు బొంగురు పోయింది. లైనులో పక్కనున్నామె నేను పిలిస్తే మగమనిషి అనుకుని వెనక్కి తిరిగింది. అమ్మ చివరి రోజుల్లో గొంతు ఇలాగే ఉండేది. అప్పటినించి అద్దంలో చూసుకోవడం మానేసి, స్కార్ఫు తడిమి కట్టుకునేదాన్ని.

బట్టలు మార్చుకునే గదిలో ఒకరోజు స్కార్ఫు లాకరు తలుపుకి చిక్కుకుని ఊడి వచ్చింది. పక్కన వుబిత్ ఉంది. నవ్వుతూ ఏదో చెబుతున్నదల్లా ఆగింది.

"ఇదేమిటి?"

"ఏం లేదు. మా వంశంలో ఉన్నదే."

"ఇంతదా! నొప్పా? డాక్టరు ఏమంది?"

"ఏ డాక్టరు? నాకెక్కడుంది డాక్టరు?"

ఆమె బూట్లు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కళ్ళు అటూ ఇటూ కదిలాయి. తర్వాత ఆ కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. "అంటే... నీ వంతు నాకిచ్చావా? గొంతులో ఇది పెట్టుకుని, నువ్వు వెళ్ళకుండా నన్ను పంపావా?"

నేను నోరు తెరిచాను. అందరూ చూస్తున్నారు. ఆమె నన్ను కావలించుకుని నా ఏప్రాన్ మీద ఏడ్చింది. నాకు ఆమె మీద ఉన్న మంటంతా ఒక ఎత్తు, ఆ నిమిషం ఒక ఎత్తు. దొంగతనం చేసినవాడి మెడలో దండ వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"రేపు మనిద్దరికీ సెలవు" అంది ముక్కు తుడుచుకుని. "రేపు నిన్ను తీసుకెళ్తాను. మాట్లాడకు."

*

వెళ్ళకూడదనే అనుకున్నాను. పొద్దున లేచి కాఫీ మింగబోతే సగం ముక్కులోకి వచ్చింది. వెళ్ళాను.

క్లినిక్‌లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. టోపీ పెట్టుకున్న ముసలి రైతులు, ఉయ్యాల బుట్టల్లో పిల్లలతో తల్లులు. వుబిత్ నేరుగా కౌంటరు దగ్గరికి నడిచింది. లిగాయా ఆమెని చూడగానే అరచేతి మీద గుప్పెటతో రెండు దెబ్బలు కొట్టింది. అది వాళ్ళ పలకరింపు అయిపోయింది అప్పటికి.

వుబిత్ నన్ను ముందుకి నెట్టి, తనకొచ్చిన ఇంగ్లీషులో అంది. "మై సిస్టర్. నెక్. వెరీ బ్యాడ్. డాక్టర్, ప్లీజ్."

"మీ సిస్టరా!" లిగాయా నా కార్డు తీసుకుంది. వుబిత్‌ది కూడా అడిగి తీసుకుంది. రెండూ పక్కపక్కన పెట్టింది. "అద్మాసు, అద్మాసు. అయ్యో, ఆ రోజు మీరు వచ్చారు కదండీ? మీ వాళ్ళెవరూ లేరన్నారే! అక్కచెల్లెళ్ళయితే ఇబ్బందే లేదు." చేతులు కీబోర్డు మీదికి వెళ్ళాయి. "ఒకే తండ్రి కదూ?"

అవునంటే చాలు. తల ఊపినా చాలు. నాకు ఇష్టం లేని మనిషి నా తరఫున ఇంగ్లీషు ముక్కలు ఏరుకుని మాట్లాడుతూ, చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది. ఇంటికి వెళ్ళాక ఊరంతా ఏమంటుందో అప్పుడే వినబడుతోంది నాకు. ఎనానుకి డాక్టర్ని ఇప్పించింది వుబిత్. ఇక నేను మింగే ప్రతి ముద్దా ఆమె దయ. నిన్నగాక మొన్న వచ్చి, నా కాఫీ, నా మొగుడి మెప్పు, నాకు రావలసిన కుర్చీ, నాకు రావలసిన డాక్టరు, చివరికి మా నాన్న పేరు.

"కాదు" అన్నాను. "ఈవిడ నాకేమీ కాదు. వాళ్ళ నాన్న వేరే అద్మాసు."

లిగాయా చేతులు ఆగాయి.

"ఏమంటోంది? ఏమన్నావు?" అంది వుబిత్ మా భాషలో.

"నువ్వు నా చెల్లెలివి కాదని చెప్పాను."

"ఎందుకు చెప్పావు? అది అడిగిందా?"

"అడిగింది. నాకు నీ దయ అక్కర్లేదు."

"దయేమిటి? నువ్వు నాకు ఇవ్వలేదా నీ వంతు?"

"నీకు నేనేమీ ఇవ్వలేదు!" నా బొంగురు గొంతు ఆ గదిలో ఎంత పెద్దగా వినబడిందో. "ఈ దేశంలో ముద్రే ఉండదు. నిన్ను చూసి నలుగురూ నవ్వాలని పంపించాను. అర్థమైందా? నవ్వాలని!"

వుబిత్ మొహం ఎర్రగా అయింది.

"ఛీ! ఆ దాబోలో తేనె పోశానే నీకు! సీసాడు తేనె! మా అమ్మ పంపిన తేనె!"

"ఎవరు పొయ్యమన్నారు?"

"రెండు ముక్కలు తిన్నావు కూడా!"

"మా ఆయన తిన్నాడు ఎక్కువ. నీ చేతిది ఏదైనా తింటాడుగా ఆయన. నీ కాఫీ అయితే ఇక చెప్పక్కర్లేదు."

"మీ ఆయనా? చక్కెర ఎక్కువ పోస్తే గాడిద కాఫీ పెట్టినా మెచ్చుకుంటాడు మీ ఆయన! అదా నీ బాధ?" వుబిత్ కౌంటరు మీద చెయ్యి చరిచింది. "నీకేం తక్కువే? ఇంగ్లీషు గడగడా మాట్లాడతావు. షిఫ్టు అయ్యేసరికి బయట కారు వేడి చేసి పెట్టుకుని ఒక మనిషి ఉంటాడు. నేనేమో ఆ ముసలావిడ కోటు వేసుకుని, నా వేలు తెగితే ఎవరికి చెప్పాలో తెలియక చీటీలు అంటించుకుంటున్నాను. నిన్ను చూసి రోజూ ఏడ్చేదాన్ని నేను!"

"నన్ను చూసి ఏడ్చేవా నువ్వు? నీకు ఏడవడానికి టైమెక్కడుంది, ఊరంతా నవ్వు పంచుతూ?"

"నవ్వకపోతే ఎవరు పలకరిస్తారే నన్ను? నీలాగా మూతి బిగించుకుని కూర్చుంటే ఒక్కరైనా అన్నం పెడతారా?"

"నాది మూతి బిగింపా?"

"పెద్ద తాళంకప్ప! ఇదిగో, ఈ డాక్టర్ని నువ్వే తీసుకో. నాకొద్దు. నీ ముద్రా వద్దు, నీ డాక్టరూ వద్దు!" అని కౌంటరు మీదున్న తన కార్డు తీసి విసిరేసింది. అది కౌంటరు మీంచి జారి లిగాయా ఒళ్ళో పడింది. "నీలాంటిది నా తోబుట్టువు కాకపోవడమే నా అదృష్టం!"

"నాది అంతకంటే పెద్ద అదృష్టం!"

కుర్చీల్లో ఒక్కరూ కదలడం లేదు. ఒక రైతు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని మరీ చూస్తున్నాడు. నేను ఇంగ్లీషులోకి తిరిగాను. "క్షమించండి. ఈవిడ మా చెల్లెలు కాదు. మా పేర్లలో చివరిది..."

లిగాయా చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. ఆమె పెదవులు వణుకుతున్నాయి. కోపం అనుకున్నాను. నవ్వు.

"మీ భాష నాకు ఒక్క ముక్క రాదు" అంది. "కానీ మేం నలుగురం అక్కచెల్లెళ్ళం. మా రెండోది పోట్లాడినప్పుడల్లా, నువ్వు నా చెల్లెలివే కావు, ఆసుపత్రిలో మారిపోయావు అంటుంది నన్ను. ఊళ్ళో అందరికీ అలాగే చెబుతుంది."

"కాదండీ, నేను నిజంగానే చెబుతున్నాను."

"అదీ ‘నిజంగానే’ అనే చెబుతుంది." ఆమె టైపు చేయడం మొదలుపెట్టింది. "బయటివాళ్ళు ఇలా పోట్లాడుకోరండీ. బయటివాళ్ళతో మనకి అంత ఓపిక ఉండదు. ఇదిగో, ఈ పొద్దున ఒకాయన రాలేనని ఫోన్ చేశాడు, ఆ ఖాళీలో మిమ్మల్ని వేశాను. కూర్చోండి. కాస్త దూరం దూరంగా కూర్చోండి."

"ఏమంది?" అంది వుబిత్ ఇటు చూడకుండా.

"మనం అక్కచెల్లెళ్ళమేనట."

"నువ్వు కాదని చెప్పలేదూ?"

"చెప్పాను. నమ్మడం లేదు."

వుబిత్ లిగాయా చేతిలోంచి తన కార్డు తీసుకుని, దుస్తుల్లో దోపుకుని, గది ఆ చివర కుర్చీలో కూర్చుంది. నేను ఈ చివర కూర్చున్నాను. ఆమె వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. పక్కనున్న ఒక తల్లి చేతిలోంచి బిడ్డని తీసుకుని, మెల్లగా ఆడించసాగింది. ఆ బిడ్డ నవ్వింది. ఎవరి బిడ్డయినా ఆమెని చూస్తే నవ్వుతుంది.

"అద్మాసు!" అని లోపలినించి పిలిచారు.

ఇద్దరం లేచాం. వుబిత్ నన్ను చూసి మళ్ళీ కూర్చుంది. గడ్డంతో తలుపు వైపు చూపించింది, పో అన్నట్టు.

డాక్టరమ్మ నాకంటే చిన్నదిలా ఉంది. జుట్టు పొట్టిగా, గోళ్ళు ఇంకా పొట్టిగా. నేను కూర్చునేలోపే, "మీరు వుబిత్ వాళ్ళ అక్కగారా?" అంది.

చెల్లెలా అని అడగలేదు.

"మా తల్లులు వేరు" అన్నాను. అది నిజం. "మా అమ్మకి ఈ వాపు ఉండేది. దాంతోనే పోయింది. వుబిత్ అమ్మ వైపు వాళ్ళ సంగతి నాకు తెలియదు. రెండూ కలపకండి."

"సరే. విడిగానే రాసుకుంటాను." ఆవిడ రాసుకుంటూనే నవ్వుకుంది. "ఆ రోజు మీ వుబిత్ మమ్మల్ని ఎంత నవ్వించిందో! నాకు ఈ ఊళ్ళో మొదటి రోజు, భయంభయంగా ఉన్నాను. ఎంత చక్కటి మనిషండీ ఆవిడ."

నేను స్కార్ఫు ముడి విప్పాను. ఆవిడ ఇంకా కంప్యూటరు వైపే చూస్తూ నవ్వుతోంది. స్కార్ఫు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఆవిడ సంగతి తర్వాత" అన్నాను. "ముందు నా మెడ చూడండి."